సీను కండ్లలో ఎందుకు నిలిచిపోతుంది?

పోయిన నెల మన గోడపత్రికలో పదో తరగతి అక్క ఒకామె ‘నాకు నచ్చిన పది సీన్లు’ అని రాసింది. అందరూ చదివే ఉంటారు. టిఫిన్ బెల్లు కొట్టినా పత్రిక ముందర నుంచి పిల్లలు కదల్లేదు. చుట్టూ పూల డిజైను, మూలలో కెమెరా బొమ్మ కూడా బాగా వేసింది. ఆ పదిలో ఏడు ఫైటింగులు, మిగతా మూడు పాటలు. అక్క మీద నాకేమీ కోపం లేదు. ఫైటింగు వస్తే బెంచీ ఎక్కి చూసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. కానీ అది చదివినప్పటి నుంచి నాకు ఒక అనుమానం పట్టుకుంది. సినిమా రెండున్నర గంటలు ఆడుతుంది. ఇంటర్వెల్లో కొనుక్కున్న బొరుగులు గుర్తుంటాయి గానీ సినిమాలో సగం గుర్తుండదు. ఎక్కడో ఒక అయిదు నిమిషాలు మాత్రం ఏండ్ల తరబడి కండ్లలో అట్లే నిలిచిపోతుంది. ఆ అయిదు నిమిషాలే ఎందుకు?

తెలుగు మేడమ్‌ను అడిగితే “నువ్వే ఆలోచించి రాయి, రెండు కాగితాలు ఇస్తా” అన్నారు. రెండు చాలలేదు, నాలుగైనాయి. అక్షరాలు చిన్నగా రాసినందుకు చిన్న తరగతుల చెల్లెళ్లు మన్నించాలి.

బాగా ఖర్చుపెట్టి తీసిన సీను గుర్తుంటుందని చాలామంది అంటారు. పెద్ద సెట్టింగులు, వెయ్యిమంది జనం, గుర్రాలు. నాకు అది నిజమనిపించలేదు. అట్లాంటివి చూసేటప్పుడు ‘అబ్బా’ అంటాము. తెల్లారి కొళాయి దగ్గర బకెట్లు పెట్టుకుని మాట్లాడుకునేది వేరే సీను గురించి.

‘మాయాబజార్’ సంగతే చూడండి. 1957లో వచ్చిన సినిమా. మా నాయన కూడా అప్పటికి పుట్టలేదు. 2010లో దానికి రంగులు వేసి మళ్లీ విడుదల చేసినారు. అందులో ఘటోత్కచుడు పెండ్లివారి కోసం చేసిన వంటలన్నీ ఒక్కడే కూర్చుని తినేసే సీను ఉంది. ఎస్వీ రంగారావు ఆ వేషం వేసినాడు. గంగాళాలు గంగాళాలు ఖాళీ అయిపోతాయి. లడ్లు వాటంతట అవే లేచి ఆయన నోట్లోకి పోతాయి. మన భోజనశాల టీవీలో ఆ సీను వచ్చినప్పుడు నేను టీవీ చూడలేదు, పిల్లల్ని చూసినాను. అయిదో తరగతి పిల్ల ఒకతి, లడ్డు ఆయన నోటి దగ్గరికి పోయినప్పుడల్లా తను నోరు తెరుస్తా ఉంది. ఆయన మింగితే ఈమె గుటక వేస్తా ఉంది. మాకు నవ్వాగలేదు. తర్వాత అనిపించింది, ఆ పొద్దు నేను కూడా తక్కువేమీ కాదు, పక్కన పిల్ల కంచంలోకి చూస్తా ఉన్నా.

దానికి ఎదురు సీను ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు సార్ కంప్యూటర్ రూములో చార్లీ చాప్లిన్ సినిమా వేసినారు, గుర్తుందా? ‘ది గోల్డ్ రష్’, 1925 నాటిది. బంగారం వెతుక్కుంటా పోయి మంచులో చిక్కుకుంటాడు. తినడానికేమీ ఉండదు. కాలి బూటు ఉడకబెట్టి కోసుకుని తింటాడు. బూటు దారాలు సేమ్యా మాదిరి చుట్టుకుని తింటాడు, మేకుల్ని కోడి ఎముకలు చప్పరించినట్లు చప్పరిస్తాడు. షూటింగు కోసం ఆ బూటును అతిమధురంతో చేసిన మిఠాయితో తయారుచేసినారని సార్ చెప్పినారు. మేమందరం కడుపు పట్టుకుని నవ్వినాము. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా అవ్వకు ఈ కథ చెప్పినా. అవ్వ నవ్వలేదు. “ఆకలైనోడు ఏమన్నా తింటాడు. కరువులో మేము చింతగింజలు ఏంచుకుని తినలేదా” అనింది. మాటలు లేని సినిమా, ఎక్కడో అమెరికాలో తీసినది. చింతగింజలు తిన్న మనిషికి దాన్ని వివరించే పనే పడలేదు.

ఒకటి లడ్ల సీను, ఒకటి బూటు సీను. రెండిటికీ అడుగున ఉన్నది ఆకలే. అందుకే 1925 అయినా 1957 అయినా పాతబడలేదని నా అభిప్రాయం. చూసేవాళ్ల దగ్గర ముందే ఒకటి ఉంటుంది, సీను వచ్చి దాన్ని తాకుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చాలామందికి తెలియదు. ఈ గొప్ప సీన్లు తీసినవాళ్లలో మన దిక్కు వాళ్లు ఉన్నారు. ‘మాయాబజార్’ డైరెక్టరు కె.వి.రెడ్డి తాడిపత్రిలో పుట్టినాడు. మన జమ్మలమడుగుకు, ప్రొద్దుటూరుకు వచ్చే పెన్నా నీళ్లు ముందు తాడిపత్రి దాటే వస్తాయి. నిర్మాత నాగిరెడ్డి కడప జిల్లా మనిషే. చక్రపాణితో కలిసి ‘చందమామ’ పత్రిక పెట్టింది కూడా ఆయనే, 1947లో. ఆయన అన్న బి.ఎన్.రెడ్డి పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టినాడు. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుని శిష్యుడుగా వేసిన పద్మనాభం సింహాద్రిపురం ఆయన. మన పిల్లలను అడిగితే హీరోల పుట్టినరోజులన్నీ చెప్తారు గానీ ఈ ఊర్ల పేర్లు చెప్పలేరు. నేను కూడా మొన్నటిదాకా చెప్పలేకపోతి.

బి.ఎన్.రెడ్డి 1951లో ‘మల్లీశ్వరి’ తీసినాడు. అందులో నాకు నిద్రపోయినా గుర్తొచ్చే సీను వాన సీను. మల్లి, ఆమె బావ నాగరాజు దారిలో వానకు చిక్కుకుని పాత మంటపంలోకి చేరుతారు. అక్కడ మారువేషంలో శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన ఉంటారు. సంగతి తెలియని నాగరాజు తమాషాకు, మా మల్లికి పల్లకి పంపించమని అడుగుతాడు. అంతే, నవ్వులాట. కొన్నాళ్లకు నిజంగానే పల్లకి వచ్చి ఇంటి ముందర దిగుతుంది. అప్పటికి నాగరాజు సంపాదన కోసం ఊరు విడిచి పోయినాడు. మల్లిని తీసుకుపోతారు. రాణివాసంలోకి పోయినామె మళ్లీ బయటికి రాకూడదు. మల్లి అమ్మకేమో పల్లకి వచ్చిందని ఒకటే సంబరం.

ఇందులో ఫైటింగు లేదు. ఎవరూ గట్టిగా అరవరు కూడా. మరి నాకెందుకు అంత గుర్తు? నేను నాలుగో తరగతిలో ఉండంగా ఒక సార్ మా కాలనీకి వచ్చి “గురుకులంలో చేరతావా?” అని అడిగినారు. నేను నవ్వులాటకు “మిద్దె బడి అయితే వస్తా” అన్నా. జూన్‌లో మా ఇంటి ముందర ఆటో వచ్చి ఆగింది. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటిదాన్ని నేనే కాబట్టి మా అమ్మ ఆ ఆటోను పల్లకి చూసినట్లే చూసింది. ట్రంకు పెట్టె తనే ఎత్తి పెట్టింది. నేను మాత్రం ఆటో మలుపు తిరిగేదాకా ఏడ్చినా. ఇప్పుడు ఈ బడి నాకు ఇష్టమే, అది వేరే సంగతి. భానుమతి పల్లకిలో పోయే సీను చూసినప్పుడు నాకు చెవిలో ఆటో చప్పుడు వినిపిస్తుంది. డెబ్బై ఏండ్లకు ముందు ఆ సీను తీసిన కొత్తపల్లి మనిషికి మా కాలనీ ఎట్ల తెలుసు అనిపిస్తుంది.

ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఇక మీదట రాసేది కొందరికి నచ్చకపోవచ్చు.

మంచి సీన్లే కాదు, ముల్లు మాదిరి గుచ్చుకునేవి కూడా అట్లే నిలిచిపోతాయి. దసరా సెలవులు అయినాక ఆటల పోటీలకు వేరే జిల్లాకు పోయినాము. కబడ్డీకి, ఖోఖోకి కలిపి ఇరవై మందిమి పోయింటిమి. అక్కడ పిల్లలు మాది కడప జిల్లా అని తెలిసిన వెంటనే అడిగిన మొదటి మాట ఏమి? “మీ పులివెందుల్లో, జమ్మలమడుగులో ఇంటింటికీ బాంబులుంటాయంట కదా?” ఒక పిల్ల అయితే తొడ కొట్టి చూపించమని మా కెప్టెన్‌ను అడిగింది. బస్సులో వచ్చేటప్పుడు మనవాళ్లకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ప్రొద్దుటూరు వాళ్లు, పులివెందుల వాళ్లు, జమ్మలమడుగు వాళ్లు అందరూ ఒకటైపోయినారు. మాకు బంగారు అంగళ్లున్నాయి, చీనీతోటలున్నాయి, గండికోట ఉంది, అవేవీ అడగరు, బాంబులు అడుగుతారు అని ఒకటే గొడవ.

వాళ్లకు ఆ బాంబులు ఎక్కడివి? వాళ్లెవరూ పులివెందుల చూడలేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’, ఇట్లా సీమ కక్షల కథలు వరుసగా వచ్చినాయి. సుమోలు గాల్లోకి లేవడం, వేటకొడవండ్లు, తెల్ల బట్టల మీద రక్తం. కర్నూలు కొండారెడ్డి బురుజు ఎప్పటిదో పాత కోట బురుజు, చరిత్ర ఉన్నది. 2003లో ‘ఒక్కడు’ వచ్చినాక బయటి పిల్లలకు అది మహేష్‌బాబు కొట్టిన చోటు మాత్రమే. ఆ సీన్లు బాగా తీసినారు, లేదనను. కక్షలు మన జిల్లాలో ఎప్పుడూ లేవని కూడా నేను అబద్ధం చెప్పను, పెద్దవాళ్లు చెప్పగా విన్నాము. కానీ ఒక్క సీను అంత బలంగా నిలబడిందంటే దాని వెనకాల ఊరంతా కనపడకుండా పోతుంది. చెనక్కాయలు పెరికే ఆడవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, బడికి పోయే మనము, ఎవరమూ ఆ సీనులో లేము.

ఆ పొద్దు బస్సులో అందరూ ఇదే అన్నారు. నేనూ అన్నాను. ఇప్పుడు నాకు అనుమతిస్తే ఇంకొక సీను గురించి చెప్తాను.

ముక్కోటి ఏకాదశి నాడు భోజనశాలలో వెంకటేశ్వరస్వామి సినిమా వేసినారు. శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి వచ్చి పద్మావతికి సోది చెప్పే కథ అందరికీ తెలిసిందే. నాటకాల్లో, హరికథల్లో, సినిమాల్లో ఎన్నోసార్లు వచ్చింది. ఆ సీను వచ్చిన వెంటనే కొందరు నా కల్ల తిరిగి చూసినారు. రాత్రి పడక గదిలో ఒకామె దుప్పటి కొంగు నడుముకు చెక్కి, ప్లాస్టిక్ బకెట్టు గంప మాదిరి పట్టుకుని, స్కేలు చేతిలో పెట్టుకుని సోది ఆట మొదలుపెట్టింది. అందరూ నవ్వినారు. ఇంకొకామె “పెట్టెలకు తాళాలు వేసుకోండమ్మో” అనింది. అప్పుడు ఇంకా ఎక్కువ నవ్వినారు.

పేర్లు రాయను. వాళ్లలో ఇద్దరు నాతోపాటు అదే బస్సులో ఉన్నవాళ్లు.

మాది ఎరుకల కులం. తాళాల మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను వినండి. తెల్లదొరలు 1871లో ఒక చట్టం చేసి కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులని రాసిపెట్టినారు. ఎరుకల పేరు కూడా ఆ పట్టీలోకి ఎక్కించినారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం 1913లో అట్లా పెట్టిన ఊరే, తెల్లదొర పేరే దానికి పెట్టినారు. స్వాతంత్ర్యం వచ్చినాక 1952లో ఆ చట్టం తీసేసినారు. చట్టం పోయింది గానీ సీను పోలేదు. 1991లో ఆ ఊరి పేరు పెట్టి సినిమాలు వచ్చినాయి, 2023లో కూడా ఆ ఊరి దొంగ కథతో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఊరికి చెడ్డపేరు వస్తుందని ఆ సినిమా మీద హైకోర్టుకు కూడా పోయినారు. మా అవ్వ బుట్టలు అల్లింది, సోది చెప్పింది, పందులు మేపింది. దొంగతనం ఒక్కటే చేయలేదు. సినిమాలో మాత్రం అదొక్కటే చేస్తాము.

మీకు బాంబు సీను మీద బస్సులో ఎంత కోపం వచ్చిందో నాకు ఆ రాత్రి అంతే వచ్చింది. సరిగ్గా అంతే. ఎక్కువ కూడా కాదు.

అందుకే సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు చిన్నాయన వాళ్ల టీవీలో మళ్లీ అదే సినిమా వస్తే, ఆ సీనుకు ముందే లేచి ఆపేయబోయినా. అవ్వ “ఉండనీ పాప, ఎరుకలామె వస్తాది” అనింది. నేను పక్కకు తిరిగి కూర్చున్నా. అవ్వ మాత్రం కండ్లు ఆర్పకుండా చూసింది. ముందు తప్పులు పట్టింది. “గంప అట్ల పట్టుకుంటే ఒక్క వీధి తిరగలేదు, నడుము పోతాది” అనింది. “సోది చెప్పేటప్పుడు ఆయమ్మ చెయ్యి పట్టుకుని ఆయమ్మ మొగంలోకి చూడల్ల. ఈమె మనకల్లా చూస్తాంది” అనింది. ఆ మాటకు నాకు కూడా నవ్వొచ్చింది.

తర్వాత అవ్వ ఊరికే ఉండిపోయింది. సీను అయిపోయినాక, “రాణి ఆమెను లోపలికి పిల్చింది, సూస్తివా? కూర్చోమనింది” అనింది. నేను ఆ సీను ఎన్నిసార్లు చూసినానో, అది ఒక్కసారి కూడా చూడలేదు. ధరణీదేవి ఎరుకలామెను ఇంట్లోకి పిలిపించుకుని మర్యాద చేసి అడుగుతుంది, నిజమే. అవ్వ చెప్పింది: “ముప్పై ఏండ్లు ప్రొద్దుటూరు వీధులు తిరిగితి. నీళ్లు అడిగితే చెంబు ఎత్తి దోసిట్లో పోసినారు. అరుగు మీద కూర్చోనిచ్చినోళ్లు ఉండారు. గడప దాటి లోపలికి రామ్మన్నోళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకాయమ్మ చాప పరిచింది.” ఆ రెండు ఇండ్లు ఏ సందులో ఉన్నాయో, వాకిలి రంగు ఏమిటో కూడా చెప్పింది. అవ్వకు ఆ ఇద్దరూ సినిమా సీను మాదిరి గుర్తున్నారు.

నేను ఆ సీనులో పిల్లల నవ్వు చూసినా. అవ్వ చాప చూసింది. ఒకే సీను, ఒకే టీవీ. ఏది కరెక్టో నేను ఇంకా తేల్చుకోలేదు. అయితే ‘మాయాబజార్’ను మాత్రం అవ్వ కండ్లతో మళ్లీ చూసినాను. లడ్ల సీను ఒక్కటే గొప్పదనుకున్న నాకు ఇంకొకటి కనపడింది. పాండవులకు రాజ్యం పోయిందని శశిరేఖ సంబంధం వద్దనుకున్నవాళ్లు నగరంలో మేడల్లో ఉండేవాళ్లు. కొడుకును వెంటబెట్టుకుని అడవి దారిలో వచ్చిన సుభద్రకు ఇల్లు ఇచ్చి చూసుకున్నది అడవిలో ఉండే హిడింబి. ఘటోత్కచుడు ఆమె కొడుకే. కోరలు, గద, పెద్ద నవ్వు ఉన్నందుకు చిన్నప్పుడు ఆయన్ను చూసి భయపడినా గానీ, ఆ సినిమాలో అందరి పనీ చక్కబెట్టింది ఆయనే. చివరికి శశిరేఖ రూపంలో నగరంలోకి పోయి కూర్చుంటాడు. సావిత్రి ఆడపిల్ల మాదిరి సిగ్గుపడతా ఉండి ఉన్నట్టుండి రాక్షసుడి మాదిరి కాలు విసిరి నడుస్తుంది. పెండ్లి పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు వస్తుంది. మన పిల్లలందరూ ఆ నడక నడిచి చూసినవాళ్లే. అడవివాళ్ల నడక అని ఎవరూ ఎగతాళి చేయలేదు, నాకు రావాలంటే నాకు రావాలని పోటీ పడినారు.

వచ్చే నెల గోడపత్రికకు మీ మీ సీన్లు రాసి తెలుగు మేడమ్‌కు ఇవ్వండి. ఫైటింగు అయినా ఫరవాలేదు, ఎందుకు గుర్తుందో కూడా రాయండి. ఇక సోది ఆట మళ్లీ ఆడాలనుకునేవాళ్లు ముందు నా దగ్గరికి రండి, గంప ఎట్ల పట్టుకోవాలో చూపిస్తాను. రాణి వేషం వేసే ఆమె చాప పరచడం మరిచిపోకూడదు.

- తొమ్మిదో తరగతి విద్యార్థిని